దూరపు కొండల్లో వేడినీళ్ళు - మన ఇంట్లో మోకాళ్ళ నొప్పులు

ఈ మధ్య పాఠకుల నుంచి వస్తున్న ఉత్తరాలలో ఒక కొత్త రకం ప్రశ్న కనిపిస్తున్నది. ఇదివరకు "డాక్టరుగారూ, మోకాళ్ళ నొప్పులకు ఏ నూనె రాయమంటారు?" అని అడిగేవారు. ఇప్పుడు, పిల్లలు విదేశాలలో స్థిరపడిన తలిదండ్రులు "మా అబ్బాయి స్విట్జర్లాండ్ తీసుకువెళతానంటున్నాడు. అక్కడ ఆల్ప్స్ కొండల్లో వేడినీటి బుగ్గలున్నాయట. పదిరోజులు మునిగితే కీళ్ళ జబ్బులు పోతాయట. నిజమేనా?" అని రాస్తున్నారు.

గుంటూరు జిల్లా నుంచి ఒక రిటైర్డ్ టీచరుగారు రాసిన ఉత్తరం మాత్రం నన్ను కాస్త కలవరపెట్టింది. ఆమెకు తొమ్మిదేళ్ళుగా రుమటాయిడ్ కీళ్ళవాతం. వారానికి ఒకసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మాత్రలతో చేతివేళ్ళు అదుపులో ఉన్నాయి. "ఎలాగూ వేడినీళ్ళకు వెళుతున్నాను కదా, లివరు పాడవుతుందేమోనన్న భయం కూడా ఉంది కనుక, ఈ మాత్రలు నెల ముందునుంచే మానేద్దామనుకుంటున్నాను" అని రాశారామె.

అమ్మా, మానవద్దు. ఈ ఒక్క మాట ముందుగా చెప్పి, ఎందుకు మానకూడదో తీరికగా చెబుతాను. దానికోసం ఆల్ప్స్ పర్వతాలలో ఉన్న ఒక చిన్న ఊరి కథ చెప్పాలి. ఆ ఊరికి వందల ఏళ్ళుగా జనం కీళ్ళ నొప్పులతోనే వెళుతున్నారు. వేడినీళ్ళు ఏం చేయగలవో, ఏం చేయలేవో తెలుసుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

లాయ్‌కర్‌బాద్ అనే ఊరు

ఆ ఊరి పేరు లాయ్‌కర్‌బాద్. స్విట్జర్లాండ్ దక్షిణ భాగాన వాలే రాష్ట్రంలో ఉన్నది. ప్రజలు మాట్లాడేది జర్మన్. సముద్రమట్టానికి 1411 మీటర్ల ఎత్తు. అనగా మన హార్స్‌లీ హిల్స్ కంటే కొంచెం ఎక్కువ. మూడు వైపులా గోడ కట్టినట్టు నిటారైన రాతికొండలు. నివాసమున్నవారు సుమారు 1400 మంది, అంటే మన లెక్కలో ఒక చిన్న పల్లెటూరు. కాని ఆ పల్లెటూరి కడుపులో నుంచి రోజుకు 39 లక్షల లీటర్ల వేడినీరు పొంగివస్తుంది. 5 వేల లీటర్ల ట్యాంకర్లతో తోలితే దాదాపు 780 ట్యాంకర్లు! అందులో ఎక్కువ వేడిగా వచ్చే ఊటనీరు 51 డిగ్రీల సెంటిగ్రేడు. చేయి పెడితే చురుక్కుమనే వేడి.

ఈ నీళ్ళకు వేడి ఎక్కడినుంచి వచ్చింది? అక్కడ అగ్నిపర్వతమేదీ లేదు. కొండల మీద పడిన వాన, కరిగిన మంచు రాతి పగుళ్ళ గుండా భూమి లోతుకు దిగుతుంది. లోతుకు పోయినకొద్దీ భూమి వేడి. దశాబ్దాల తరబడి అలా ప్రయాణం చేసి వేడెక్కిన నీరు మళ్ళీ పగుళ్ళ గుండా పైకి తన్నుకు వస్తుంది. దారిలో రాళ్ళలోని కాల్షియమును, సల్ఫేటును కరిగించుకుని తెస్తుంది. దాలా అనే చిన్న నది కోసిన ఇరుకు లోయలో ఈ ఊటలను చూడడానికి రాతిగోడకు బిగించిన ఇనుప నడవ కూడా ఉన్నది. మన భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వచ్చే వేడినీరు, హిమాచల్‌లో మణికరణ్‌లో బియ్యం ఉడికే వేడినీరు కూడా భూమి లోపలి వేడి పుణ్యమే.

ఆ ఊరి జీవితం ఎన్నడూ తేలికగా లేదు. 1718లో కొండ మీద నుంచి మంచు చరియ విరుచుకుపడి ఊరిని తుడిచిపెట్టింది. 50 మందికి పైగా చనిపోయారు. బతికినవారు మళ్ళీ కట్టుకున్నారు. ఉత్తరాన గెమ్మి అనే కనుమ దాటి రావలసిన బాటను 1740 ప్రాంతంలో నిటారు కొండరాతిలో తొలిచారు. నడవలేని రోగులను ఆ మెలికల బాటలో కుర్చీలలో కూర్చోబెట్టి మనుషులు మోసుకొచ్చేవారు. పక్కనే ఉన్న అల్బినెన్ గ్రామస్థులైతే కొండచరియకు వేలాడగట్టిన ఎనిమిది కొయ్యనిచ్చెనలు ఎక్కి దిగి ఈ ఊరికి రాకపోకలు సాగించేవారు. ఆ నిచ్చెనలు ఇప్పటికీ ఉన్నాయి. మోకాళ్ళు బాగున్నవారు మాత్రమే ఎక్కదగినవి! 1915లో పళ్ళచక్రాల రైలు వచ్చింది. 1967లో దానిని ఆపివేసి బస్సులు నడుపుతున్నారు. ఇప్పుడు లోయలోని లాయ్క్ స్టేషనులో దిగితే బస్సు అరగంటలో పైకి చేరుస్తుంది.

ఈనాడు ఆ ఊరి వారికి జీవనాధారం రెండే: నీళ్ళు, మంచు. చలికాలంలో మంచు మీద జారే ఆటకు, వేసవిలో కొండబాటల్లో నడవడానికి, ఏడాది పొడుగునా స్నానాలకు యాత్రికులు వస్తారు. పాత జీవితం పూర్తిగా పోలేదు. ప్రతి జులై చివరి ఆదివారం గెమ్మి కనుమ మీద దౌబెన్ సరస్సు ఒడ్డున గొర్రెల కాపరుల పండుగ జరుగుతుంది. మందలను పిలిచి ఉప్పు నాకిస్తారు. రై ధాన్యపు నల్లరొట్టె, ఆవుపాల చీజు అక్కడి నిత్యాహారం. పూర్వం ఊరి ఉమ్మడి పొయ్యిలో ఏడాదికి కొద్దిసార్లు మాత్రమే రొట్టెలు కాల్చి, నెలల తరబడి దాచుకుని తినేవారు.

పూర్వం ఎలా స్నానం చేసేవారు?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పూర్వం ఈ ఊరిలో వైద్యమంటే నీళ్ళలో కాసేపు మునిగి రావడం కాదు. రోజుకు కొద్దిసేపటితో మొదలుపెట్టి, పెంచుకుంటూపోయి, చివరికి రోజుకు ఏడెనిమిది గంటలు నీళ్ళలోనే కూర్చునేవారు! పొడవాటి అంగీలు తొడుక్కుని, ఆడా మగా ఒకే తొట్టెలో మెడ దాకా మునిగి ఉండేవారు. నీళ్ళ మీద తేలే చిన్న చిన్న బల్లల మీద కాఫీ గిన్నెలు, చదరంగం, పత్రికలు. అమెరికన్ హాస్యరచయిత మార్క్ ట్వేన్ ఈ దృశ్యాన్ని చూసి 1880లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో సరదాగా వర్ణించాడు.

కొన్ని రోజులు ఇలా నానితే ఒళ్ళంతా ఎర్రగా దద్దుర్లు లేచేవి. అప్పుడు రోగి ఏమనుకోవాలి? వైద్యులే "భేష్, జబ్బు బయటికి వస్తోంది" అని సంతోషించేవారు. దద్దుర్లు లేచి, మళ్ళీ తగ్గితే చికిత్స పూర్తయినట్టు లెక్క. ఈనాడు మనకు తెలుసు, బయటికి వచ్చింది జబ్బు కాదు. గంటల తరబడి వేడినీళ్ళలో నానిన చర్మం చేసిన ఫిర్యాదు.

ఇది చదివి నవ్వుకోకండి. మన ఊళ్ళలో మోకాళ్ళకు ఏదో ఆకుపసరు కట్టు కట్టించుకుని, బొబ్బలెక్కి, చీము పట్టి ఆస్పత్రికి వచ్చేవారిని నేను ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను. "దోషం బయటికి పోతోందని చెప్పారండీ" అంటారు. షుగరు వ్యాధి ఉన్నవారిలో అలాంటి పుండ్లు కాలు తీసివేసేదాకా పోవచ్చు. ఏ దేశంలోనైనా సరే, ఏ వైద్యమైనా సరే, ఒంటికి హాని కనిపిస్తున్నప్పుడు "అది మేలుకే" అని చెప్పేవారి దగ్గర జాగ్రత్తగా ఉండండి.

వేడినీళ్ళు నిజంగా ఏం చేస్తాయి?

చాలా మేలు చేస్తాయి. అది మూఢనమ్మకం కాదు. మూడు కారణాలు చెబుతాను.

మొదటిది, నీరు మన బరువును మోస్తుంది. మెడ దాకా నీళ్ళలో నిలబడితే మన బరువులో సుమారు పదోవంతు మాత్రమే కాళ్ళ మీద పడుతుంది. రొమ్ము దాకా అయితే సుమారు మూడోవంతు. 70 కిలోల మనిషి మెడలోతు నీటిలో 7 కిలోల మనిషి అన్నమాట. నేలమీద పది అడుగులు వేయలేనివారు కూడా నీళ్ళలో హాయిగా నడుస్తారు. అరిగిన కీలు మీద భారం లేకుండా కండరాలకు పని దొరుకుతుంది.

రెండవది, వేడి. వెచ్చదనం వల్ల బిగుసుకున్న కండరాలు సడలుతాయి, రక్తప్రసరణ హెచ్చుతుంది, నొప్పి తెలియడం తగ్గుతుంది. పొద్దున్నే లేవగానే వేళ్ళు ముడుచుకోని వారికి వెచ్చని నీళ్ళలో చేతులు పెట్టగానే సడలడం అనుభవమే.

మూడవది, విశ్రాంతి. రెండు మూడు వారాలు వంటిల్లు లేదు, ఆఫీసు లేదు, అప్పులవాళ్ళు లేరు. వేళకు తిండి, నడక, నిద్ర, మంచి గాలి. ఏ రోగానికైనా ఇది సగం మందు.

మరి నీళ్ళలో ఉన్న కాల్షియం, సల్ఫేటు మాట ఏమిటి? నీటిలోని ఈ లవణాలు చర్మం గుండా దూరి కీలులోకి పోయి అరుగుదలను పూడుస్తాయన్నది నిలబడని మాట. మేలు చేసేదానిలో అధిక భాగం నీరు, వేడి, వ్యాయామం, విశ్రాంతి. ఆ నాలుగూ మన ఊళ్ళోనూ దొరుకుతాయి.

పరీక్షలు ఏం చెబుతున్నాయంటే: వయసుతో వచ్చే మోకాలి అరుగుదలకు ఫ్రాన్సులో మూడు వేడినీటి ఊళ్ళలో 460 మంది దాకా రోగులను రెండు జట్లుగా చేసి చూశారు; ఫలితాలు 2010లో అచ్చయినాయి. అందరికీ ఇంటివద్ద వ్యాయామం చెప్పారు. ఒక జట్టుకు అదనంగా 18 రోజుల స్నాన చికిత్స ఇచ్చారు. ఆరు నెలల తరువాత స్నానాల జట్టులో నూటికి సుమారు 50 మందికి గుణం కనిపిస్తే, వ్యాయామం ఒక్కటే చేసినవారిలో సుమారు 36 మందికి కనిపించింది. కనుక మేలు ఉన్నది. అయితే సగం మందికి స్నానాలతో కూడా చెప్పుకోదగ్గ గుణం రాలేదనీ, వట్టి వ్యాయామంతోనే మూడోవంతు మందికి పైగా బాగుపడ్డారనీ కూడా గమనించాలి. తాము ఏ చికిత్స పొందుతున్నదీ రోగులకు తెలుసు కనుక, నమ్మకం వల్ల కలిగిన ఉపశమనం కూడా అందులో కొంత కలిసి ఉంటుంది.

రుమటాయిడ్ వాతం సంగతి వేరు. అది అరుగుదల కాదు. మన రోగరక్షణ శక్తి మన కీళ్ళ మీదనే తిరగబడే జబ్బు. 2015లో కాక్రేన్ సమీక్షకులు అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నిటినీ కూడగట్టి చూసి, ఈ జబ్బుకు స్నాన చికిత్స పనిచేస్తుందని చెప్పడానికి ఆధారాలు చాలవన్నారు. వేడినీళ్ళు ఆ పూటకు నొప్పి తగ్గిస్తాయి గాని, లోపల కీలును కొరుక్కుతింటున్న వాపును ఆపలేవు. ఆ పని మందులదే. మందు మానిన కొన్ని వారాలలోనో నెలలలోనో జబ్బు తిరగబెడుతుంది. వంకరపోయిన వేలు తిరిగి తిన్నగా రాదు. టీచరమ్మగారూ, నేను "మానవద్దు" అన్నది ఇందుకే. లివరు గురించి భయమైతే మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకోండి. ఫోలిక్ ఆమ్లం మాత్రలు మీ డాక్టరు చెప్పినట్టు వేసుకోండి. మరొక ముఖ్యమైన మాట: మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకోవలసిన మందు. ప్రయాణపు హడావిడిలో పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. వారంలో ఏ రోజో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మందుల డబ్బాకు అంటించండి. స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవారు కూడా వాటిని హఠాత్తుగా ఆపరాదు.

ఖర్చు గురించి ఒక మాట

స్విట్జర్లాండ్‌లో ప్రతివారికీ ఆరోగ్య బీమా తప్పనిసరి. డాక్టరు రాసి ఇచ్చిన స్నాన చికిత్సకు ఆ మూల బీమా ఎంత ఇస్తుందో తెలుసా? రోజుకు 10 ఫ్రాంకులు, ఏడాదికి 21 రోజులు మించకుండా. అక్కడ రెండు కాఫీలు తాగితే అయిపోయే సొమ్ము. అంటే, వేడినీళ్ళు పుట్టిన దేశమే వాటిని "మంచిదే, కాస్త సాయం చేద్దాం" అన్నంతవరకే గుర్తించింది. అలాంటప్పుడు మనవాళ్ళు ఆ నీళ్ళతో జబ్బు నయమవుతుందని నమ్మి బంగారం కుదువబెట్టి వెళ్ళడం తెలివైన పని కాదు.

ఆ ఊరు కూడా ఈ పాఠం కష్టంగానే నేర్చుకున్నది. యాత్రికులు ఇంకా ఇంకా వస్తారని స్నానశాలలు, క్రీడాశాల, అంతస్తుల కారుషెడ్డు కట్టుకుంటూ పోయి, 1990 దశకం చివరికి ఆ 1400 మంది ఊరు 30 కోట్ల ఫ్రాంకులకు పైగా అప్పులో మునిగింది. రాష్ట్ర ప్రభుత్వం వచ్చి గ్రామ ఆర్థిక వ్యవహారాలను తన అజమాయిషీలోకి తీసుకోవలసి వచ్చింది. అప్పిచ్చినవారు చాలా భాగం వదులుకున్న తరువాత గాని ఊరు తేరుకోలేదు. ఒంటికి హితమైన వేడినీళ్ళు సైతం మోతాదు మించితే ఊరినే ముంచుతాయి. పొరుగున నిచ్చెనల ఊరు అల్బినెన్‌ది మరొక బాధ. జనం తగ్గిపోతుంటే, వచ్చి స్థిరపడే యువ కుటుంబాలకు డబ్బు ఇద్దామని 2017లో గ్రామస్థులు ఓటు వేశారు. దూరపు కొండలు నునుపు అని మన పెద్దలు ఊరకే అనలేదు.

ఎవరు మునగకూడదు?

మంచి సరదా, మంచి విశ్రాంతి అనుకుని వెళ్ళేవారిని నేను ఆపను. పిల్లలు ప్రేమగా తీసుకువెళితే సంతోషంగా వెళ్ళి రండి. అయితే మెడలోతు నీళ్ళలో దిగగానే కాళ్ళలోని రక్తం ఛాతీలోకి నెట్టబడి గుండెకు పని పెరుగుతుంది. వేడికి రక్తనాళాలు వెడల్పై, బయటికి రాగానే రక్తపుపోటు పడిపోతుంది. కనుక ఈ కిందివారు వేడినీటి తొట్టెలకు దూరంగా ఉండాలి, లేదా తమ డాక్టరును అడిగి గాని దిగరాదు:

1. ఇటీవల గుండెపోటు వచ్చినవారు, నడిస్తే ఛాతీలో నొప్పి వచ్చేవారు, గుండె బలహీనమై ఆయాసపడేవారు.

2. రక్తపుపోటు అదుపులో లేనివారు, తరచు కళ్ళు తిరిగేవారు, మూర్ఛ వ్యాధి ఉన్నవారు.

3. గర్భిణులు. ముఖ్యంగా మొదటి మూడు నెలలు ఎక్కువ వేడినీళ్ళు బిడ్డకు మంచివి కావు.

4. షుగరు వల్ల పాదాల స్పర్శ తగ్గినవారు. వీరికి కాలినా తెలియదు.

5. జ్వరం, విరేచనాలు, మానని పుండ్లు, కాలి సిరలో రక్తం గడ్డకట్టిన జబ్బు ఉన్నవారు.

6. కీలు ఎర్రబడి, వాచి, ముట్టుకుంటే కాలుతున్నట్టుగా ఉన్నవారు. అలాంటి కీలుకు చీము పట్టిందేమో ముందు చూపించుకోవాలి.

7. మద్యం తాగినవారు, కడుపునిండా తిని వెంటనే వచ్చినవారు.

దిగదలచినవారు పాటించవలసినవి

లాయ్‌కర్‌బాద్‌లో ఊటనీటిని చల్లార్చి, 28 నుంచి 44 డిగ్రీల వరకు రకరకాల తొట్టెలలో నింపుతారు. పెద్దవయసువారు 34-36 డిగ్రీల తొట్టెను ఎంచుకోండి. 40 దాటినవాటి జోలికి పోకండి. మొదటిరోజు 10 నిమిషాలు, తరువాత 15-20 నిమిషాలు చాలు. ఒంటరిగా దిగవద్దు. లేచేటప్పుడు మెట్టు మీద ఒక నిమిషం కూర్చుని, కటకటాలు పట్టుకుని మెల్లగా పైకి రండి. తరువాత మంచినీళ్ళు తాగి అరగంట పడుకోండి. వేడిలో నుంచి లేచి చన్నీళ్ళ తొట్టెలో దూకే సరదా గుండెజబ్బు ఉన్నవారికి కాదు.

చలికాలంలో ఆరుబయటి తొట్టెలలో చుట్టూ మంచు కురుస్తుండగా స్నానం చేయడం అక్కడి ప్రత్యేక వినోదం. బయటికి రాగానే తుడుచుకుని తలకు, చెవులకు టోపీ పెట్టుకోండి. అసలు ప్రమాదం నీళ్ళలో కంటే వీధిలో ఎక్కువ. గడ్డకట్టిన బాట మీద చెప్పులతో నడిచి జారిపడితే తుంటి ఎముక విరుగుతుంది. పట్టుగల బూట్లు కొనడానికి వెనుకాడకండి. మరొక మాట, కొంచెం మొహమాటమైనా చెప్పాలి. అక్కడ ఆవిరిగదులలో కొన్నిటికి బట్టలు లేకుండానే వెళ్ళాలన్నది నియమం. లోపలికి పోకముందే అడిగి తెలుసుకుంటే ఉభయులకూ ఇబ్బంది ఉండదు.

విమానంలో గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. కూర్చున్నచోట పాదాలు ఆడించండి. మందులన్నీ చేతిసంచిలోనే పెట్టుకోండి, పెట్టెలో కాదు. మందుల అసలు పేర్లు రాసిన డాక్టరు చీటీ వెంట ఉండాలి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు ఉన్న జబ్బులు దాచవద్దు.

చూపుల నొప్పి

లాయ్‌కర్‌బాద్ గురించి ప్రపంచమంతా చదివిన రచన ఒకటున్నది. జేమ్స్ బాల్డ్విన్ అనే నల్లజాతి అమెరికన్ రచయిత 1951లో మొదటిసారి ఆ ఊరికి వెళ్ళాడు. తన తొలి నవల అక్కడి చలికాలపు నిశ్శబ్దంలోనే పూర్తిచేశాడు. అంతకుముందు ఆ ఊరివారు నల్లమనిషిని చూసి ఎరుగరు. పిల్లలు వెంటబడి అరిచేవారు. కొందరు ఆయన జుట్టును, చర్మాన్ని ముట్టుకుని ఆశ్చర్యపోయేవారు. చెడ్డతనంతో కాదు, తెలియక. అయినా అది ఆయన మనసును ఎంత గాయపరచిందో 1953లో అచ్చయిన వ్యాసంలో రాశాడు.

ఆరోగ్య శీర్షికలో ఈ సంగతి ఎందుకంటే, మన కోనేళ్ళ దగ్గర, స్నానఘట్టాల దగ్గర బొల్లి మచ్చలున్న ఆడపిల్లను, సోరియాసిస్ ఉన్న మనిషిని మనమెలా చూస్తున్నామో ఆలోచించమని. ఈ రెండూ అంటుజబ్బులు కావు. ఒకే నీళ్ళలో మునిగితే రావు. మచ్చ నొప్పి పెట్టదు. మన చూపే నొప్పి పెడుతుంది.

ఇంట్లోనే వేడినీటి బుగ్గ

విదేశానికి వెళ్ళలేనివారు చింతించవలసిన పని లేదు. రోజూ ఉదయం గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేసి, వెంటనే, కండరాలు సడలి ఉన్నప్పుడే, ఈ వ్యాయామం చేయండి. కాళ్ళు చాపి పడుకుని మోకాలి కింద చుట్టిన తువాలు పెట్టుకోండి. మోకాలితో తువాలును కిందికి నొక్కి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. ఒక్కో కాలికి పదిసార్లు, రోజుకు రెండు పూటలు. మూడు నెలలు మానకుండా చేస్తే తొడ కండరం గట్టిపడి మోకాలి భారం పంచుకుంటుంది. బరువు ఎక్కువగా ఉన్నవారు ఒక కిలో తగ్గితే, ప్రతి అడుగుకూ మోకాలిపై నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఏ బుగ్గలోనూ ఇంత మహిమ లేదు.

కాపడం పెట్టుకునేవారు 15 నిమిషాలు మించవద్దు. నీళ్ళ వేడిని మోచేతితో చూడాలి. షుగరున్నవారికి ఇంట్లో మరొకరు చూడాలి. ఇక నీళ్ళు కాచుకోవడంలో రెండు మృత్యువులున్నాయి. గ్యాసు గీజరును తలుపులు మూసిన స్నానాలగదిలో పెట్టకండి; దానినుంచి వచ్చే విషవాయువుకు రంగూ వాసనా లేవు, స్పృహ తప్పి అక్కడే ప్రాణం పోతుంది. నీళ్ళు కాచే కరెంటు రాడ్డును స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకిన తరువాతనే నీళ్ళలో వేలు పెట్టండి.

పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నా వయసు 68. రెండేళ్ళ క్రితం గుండెకు బైపాస్ ఆపరేషను అయింది. వేడినీటి తొట్టెలో దిగవచ్చునా? - వరంగల్లు పాఠకుడు

జవాబు: రెండు అంతస్తులు ఆగకుండా మెట్లు ఎక్కినా నొప్పి, ఆయాసం లేకపోతే, మీ గుండె డాక్టరు సరేనంటే, 34-35 డిగ్రీల నీళ్ళలో ఛాతీ కింది వరకు 10 నిమిషాలు కూర్చోవచ్చు. ఆవిరిగది వద్దు. కొండ మీదికి రోప్‌వేలో వెళ్ళిన రోజున స్నానం పెట్టుకోవద్దు. రెండిటికీ మధ్య ఒకరోజు విశ్రాంతి ఇవ్వండి.

ప్రశ్న: మన దేశంలోని వేడినీటి గుండాలలో పిల్లలను ముంచవచ్చునా? - ఏలూరు పాఠకురాలు

జవాబు: తల ముంచవద్దమ్మా. శుద్ధి చేయని గోరువెచ్చని నీటిలో ఒక రకం అమీబా ఉండవచ్చు. నీరు ముక్కులోకి బలంగా పోయినప్పుడు అది మెదడుకు చేరుతుంది. చాలా అరుదు, కాని సోకితే బతకడం కష్టం. కేరళలో 2024లో ఈ జబ్బు సోకిన పిల్లల వార్తలు మీరు చదివే ఉంటారు. నీళ్ళు చెంబుతో తీసి ఒంటి మీద పోయండి, చాలు.

ప్రశ్న: వేడినీటి ఊటనీళ్ళు సీసాలలో తెచ్చి తాగితే కీళ్ళకు మంచిదంటున్నారు. నిజమేనా? - కర్నూలు పాఠకుడు

జవాబు: తాగిన నీళ్ళు కీలుకు పోయి మరమ్మతు చేయవు. ఖనిజాలు ఎక్కువున్న నీరు కొందరికి విరేచనాలు తెస్తుంది. మూత్రపిండాల జబ్బున్నవారికి హాని కూడా చేయవచ్చు. మీ ఇంటి కుండలోని కాచి చల్లార్చిన నీళ్ళు తాగండి. ఆ సీసా డబ్బుతో మంచి పట్టుగల చెప్పులు కొనుక్కోండి, మోకాళ్ళు సంతోషిస్తాయి.